చుట్టులో చోటుంది, రండి



బతుకమ్మ రోజులు దగ్గరపడుతున్నాయంటే చాలు, మా పోచంపల్లిలో కొత్తవాళ్ళు నన్నొక ప్రశ్న అడుగుతారు. బ్యాంకులో కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు. బదిలీ మీద వచ్చిన టీచరమ్మలు అడుగుతారు. చీరలు కొందామని హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళూ అడుగుతారు. "బతుకమ్మ బాగా కనబడాలంటే ఎక్కడ నిలబడాలండీ?" అని.

అందరికీ నేను చెప్పే జవాబు ఒకటే. ఎక్కడా నిలబడకండి. మా దగ్గర బతుకమ్మ చూస్తాం అని ఎవ్వరూ అనరు. ఆడుతాం అంటారు. "ఈయేడు బతుకమ్మ ఆడినవా?" అని అడుగుతారు గాని, "చూసినవా?" అని అడగరు. ఈ పూట నేను మీతో చెప్పదలచుకున్న మాట ఇదే. మొదటిసారి వస్తున్నారా? పాట రాదా? అడుగు వేయడం తెలియదా? పరవాలేదు. చూడ్డానికి రాకండి, ఆడడానికి రండి.

ఇలాంటి మాటే సముద్రాలకు అవతల, కరేబియన్ దీవుల్లో కూడా ఉందని తెలిసినప్పుడు నాకు భలే సంతోషమైంది. ట్రినిడాడ్ అని ఒక చిన్న దీవి. అక్కడ ఏటా కార్నివాల్ జరుగుతుంది. క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే బుధవారానికి ముందు వచ్చే సోమవారం, మంగళవారం. ఆ రెండు రోజులు ఊరు ఊరంతా వీధుల్లోనే. దానికి ముందు వారాల తరబడి రాత్రిళ్ళు పాటల విందులు. సోమవారం ఇంకా తెల్లవారకముందే ఒంటికి బురద, రంగులు పూసుకుని జనం వీధుల్లోకి వస్తారు. మర్నాడు ఈకలు, పూసలు, మెరుపుల వేషాలు. వేషానికి వాళ్ళ మాట "మాస్". అయితే వాళ్ళు మాస్ చూస్తాం అనరు. "మాస్ ఆడతాం" అంటారు. చూశారా, అదే మాట! కొత్తగా వెళ్ళినవాళ్ళకు అక్కడివాళ్ళు మొదట చెప్పేది కూడా అదేనట. తాడు అవతల నిలబడి ఫొటోలు తీసుకుంటే నీకేం తెలుస్తుంది, లోపలికి రా అని.

ఆ దీవికీ మనకూ సంబంధం లేదనుకోకండి. 1845లో కలకత్తా నుంచి మొదటి ఓడ అక్కడికి కూలీలను మోసుకెళ్ళింది. తర్వాత మద్రాసు రేవు నుంచి వెళ్ళిన ఓడల్లో తమిళులూ ఉన్నారు, తెలుగువాళ్ళూ ఉన్నారు. చెరకు తోటల్లో చెమటోడ్చారు. ఆ భారతీయుల డోలు లయ ఆ గాలిలో కలిసిపోయింది. 1970లలో లార్డ్ షార్టీ అనే గాయకుడు అక్కడి పాత కాలిప్సో పాటకు మన ఢోలక్ దరువును జోడించాడు. అలా పుట్టిన పాటకు సోకా అని పేరు. ఈనాడు కార్నివాల్ రాత్రుల్లో జనం ఊగేది ఆ సోకాకే. ఎక్కడి దరువు, ఎక్కడి ఆట!

సరే, మన ఊరికి వద్దాం.

పోచంపల్లి హైదరాబాద్‌కు దగ్గరే. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ముందే ఊరంతా ఒక చుట్టు చుట్టిరావచ్చు. ఒకప్పుడు మాది నల్లగొండ జిల్లా. 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మా ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. అప్పటి నుంచి వచ్చేపోయేవాళ్ళు పెరిగారు. వచ్చినవాళ్ళు మగ్గాలు చూస్తారు, చీరలు కొంటారు, వినోబా మందిరం చూస్తారు, సాయంత్రానికి బస్సెక్కుతారు. అసలు సంబరం అప్పుడే మొదలవుతుందని వాళ్ళకు తెలియదు.

కాబట్టి మొదటి సంగతి: పగలు వచ్చి పోకండి. సాయంత్రం ఉండండి.

ఏ సాయంత్రం? భాద్రపద అమావాస్యను మేము పెత్రామాస అంటాం. పెద్దలను తలచుకునే రోజు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ, అంటే మొదటి బతుకమ్మ. అక్కడి నుంచి తొమ్మిది రోజులు. రోజుకొక పేరు, రోజుకొక ఫలహారం. ఆ పేర్లన్నీ ఇప్పుడు వల్లె వేయను, మా ఇంటికి వస్తే అత్తమ్మ పాటలా చెబుతుంది. కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే. ఆరో రోజు రాకండి. ఆ రోజు అలిగిన బతుకమ్మ. పూలకు మాంసం తగిలిందని అమ్మ అలిగిందని పెద్దలు చెబుతారు. ఆ రోజు పేర్చడం లేదు, ఆడడం లేదు. ఇక తప్పకుండా రావాల్సింది చివరి రోజు, దుర్గాష్టమి నాడు. అదే సద్దుల బతుకమ్మ. కొన్ని ఊళ్ళలో ఏడు రోజులకే సద్దులు చేస్తారు. అందుకని బయల్దేరేముందు ఊళ్ళో ఎవరినైనా ఒక మాట అడగండి.

సద్దుల నాడు సాయంత్రం వస్తే చాలదా అంటారా? చాలదు. పొద్దున్నే రండి. ఎందుకంటే బతుకమ్మలో సగం ఆట పొద్దుననే అయిపోతుంది.

తెల్లవారుజామున మగపిల్లలు సంచులు పట్టుకుని పొలాల గట్ల వెంట బయల్దేరుతారు. తంగేడు కోసం. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పోయరు. గట్టు మీద, చెలక అంచున, రాళ్ళ సందున తనంతట తానే పెరుగుతుంది. ఏడాదంతా ఎవరికీ పట్టదు. ఈ తొమ్మిది రోజులు మాత్రం అదే దేవత. పచ్చటి పసుపు రంగు, గుత్తులు గుత్తులు. చేతికి అంటుకుంటుంది. దాని వెంట గునుగు. జొన్న చేలల్లో, బీడు భూముల్లో నిలువునా లేచే తెల్లటి పువ్వు, కొసన కొంచెం గులాబి రంగు. ఇవి రెండూ లేకుండా బతుకమ్మ లేదు. బంతి, చామంతి, కట్లపూలు, సీతజడ పూలు, గుమ్మడి పూలు, ఏవి దొరికితే అవి కలుస్తాయి. అంగడిలో కొన్న పూలు ఎన్ని ఉన్నా, ఒక్క తంగేడు కొమ్మయినా ఉండాలి.

పూలు ఇంటికి వచ్చాక చూడాలి మా వీధి. అరుగు మీద, వాకిట్లో, మగ్గం గుంట పక్కన, ఎక్కడ చూసినా పూలు. ఆడవాళ్ళందరూ కూర్చుని గునుగు కాడలు సమానంగా కత్తిరిస్తారు. గుప్పెడు గుప్పెడు తీసుకుని దారంతో కట్టలు కడతారు. కట్టను తలకిందులు చేసి రంగు నీళ్ళలో ముంచుతారు. ఎంతవరకు ముంచితే అంతవరకే రంగు. మిగతాది తెల్లగానే ఉంటుంది. ఒక కట్ట ఎరుపు, ఒక కట్ట నీలం, ఒక కట్ట గులాబి, ఒక కట్ట ఆకుపచ్చ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఎందుకంటే పోచంపల్లికి వచ్చి ఈ పని దగ్గర నుంచి చూసినవాళ్ళకు ఇంకో పని గుర్తుకు రావాలి. మా చీరలు ఎట్లా తయారవుతాయి? నేసిన తర్వాత రంగు వేయరు. నేయకముందే నూలుకు రంగు వేస్తారు. నూలు పోగులను గట్టిగా లాగి, ఎక్కడ రంగు పడకూడదో అక్కడ సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. మేము దాన్ని చిటికి కట్టడం అంటాం. కట్టి రంగులో ముంచుతారు. కట్టినచోట తెలుపు మిగులుతుంది, మిగతాచోట రంగు పడుతుంది. విప్పుతారు, మళ్ళీ కడతారు, మళ్ళీ ముంచుతారు. మగ్గం మీదికి ఎక్కకముందే పువ్వో, చిలుకో, ఏనుగో ఆ పోగుల్లో దాగి ఉంటుంది. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల గునుగు కట్ట ముంచితే చూడండి. రంగు ఎక్కడ ఆగాలో ఆ వేళ్ళకు తెలుసు. మా బతుకమ్మల్లో రంగు వరుసలు అంత తీరుగా ఉండడానికి కారణం అదే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక పేర్చడం. గుర్తుపెట్టుకోండి, బతుకమ్మను చేయరు, కట్టరు. పేరుస్తారు. తాంబాళంలో మొదట గుమ్మడాకులు పరుస్తారు. ఆకుల మీద అంచు వెంట తంగేడు గుత్తులు గుండ్రంగా పెడతారు, పూలు బయటికి, కాడలు లోపలికి. ఆ మీద గునుగు ఒక వరుస. దాని మీద బంతి. మళ్ళీ గునుగు, ఇంకో రంగు. ఒక్కో వరుసా కొంచెం లోపలికి జరుగుతూ వస్తుంది. గోపురంలా పైకి లేస్తుంది. నడుమ ఖాళీలో మిగిలిపోయిన ఆకులు, కాడలు దట్టంగా నింపాలి. అందరూ నిర్లక్ష్యం చేసేది అక్కడే.

నాకు పన్నెండేళ్ళప్పుడు మొదటిసారి నేనే సొంతంగా పేర్చాను. బయట వరుసలు ఎంతో ముచ్చటగా పెట్టాను. లోపల సరిగా నింపలేదు. ఎత్తుకుని గడప దాటానో లేదో, ఒక పక్క జారింది. పూలన్నీ వాకిట్లో. నేను ఏడుస్తూ నిలబడ్డాను. మా నాయనమ్మ ఒక్క మాట అనలేదు. పక్కన కూర్చుని కింద పడిన పూలన్నీ ఏరి, లోపల గుప్పిళ్ళకొద్దీ ఆకు కుక్కి, మళ్ళీ పేర్పించింది. "పైకి కనవడే పూలను మోసేది లోపలి ఆకే బిడ్డా" అంది. ఆ రోజు నుంచి నేను పేర్చిన బతుకమ్మ జారలేదు.

పేర్చడం అయ్యాక పైన గుమ్మడి పువ్వు. పసుపు ముద్దతో చేసిన గౌరమ్మను తమలపాకులో పెట్టి అక్కడ నిలుపుతారు. అగరొత్తులు గుచ్చుతారు. పెద్ద బతుకమ్మ పక్కన ఒక చిన్న బతుకమ్మ కూడా ఉండాలి. తల్లికి తోడు పిల్ల. ఒంటరిగా పంపరు.

కొత్తవాళ్ళు ఏం చేయాలి ఇందులో? వెళ్ళి అరుగు మీద కూర్చోండి. కత్తెర అందుకోండి. గునుగు కాడలు కత్తిరించండి. అడగనక్కర లేదు. పూల ముందు కూర్చున్న మనిషిని ఎవరూ లేవమనరు. చేతికి ఒక పని దొరికిందంటే మీరు ఇంటి మనిషి అయిపోయినట్టే.

ఏం కట్టుకోవాలి అని చాలామంది అడుగుతారు. మీకున్నదే కట్టుకోండి. పట్టుచీర కట్టినవాళ్ళు ఉంటారు, నూలు చీర కట్టినవాళ్ళు ఉంటారు, పరికిణీ వేసుకున్న పిల్లలు ఉంటారు. ఒకటి మాత్రం చెబుతాను. అంచు నేలను ఊడ్చే చీర వద్దు. వానలు అప్పుడే వెనక్కి తగ్గిన కాలం. చెరువు గట్టున బురద ఉంటుంది. ఆడేచోట చెప్పులు విడవాలి. సులభంగా విప్పే చెప్పులు వేసుకోండి. చేతిలో పెద్ద సంచి వద్దు. చప్పట్లు కొట్టడానికి రెండు చేతులూ ఖాళీగా కావాలి. ఫోన్ కూడా లోపల పెట్టండి. ఫొటో కావాలంటే ఆడిన తర్వాత అడిగి తీసుకోండి. ఎవరూ కాదనరు. అడగకుండా ముఖం మీద వెలుగు వేస్తే మాత్రం నొచ్చుకుంటారు.

పొద్దు వాలుతుంది. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో బతుకమ్మ తల మీద ఎక్కుతుంది. గుడి ముందర ఖాళీ జాగాలో, అలికి ముగ్గు వేసినచోట అన్నిటినీ నడుమ పెడతారు. పదో, ఇరవయ్యో, ఇంకా ఎక్కువో. చుట్టూ ఆడవాళ్ళు.

రెండేళ్ళ కిందట ఒక సద్దుల బతుకమ్మ నాటి సంగతి చెబుతాను. మా పక్కింట్లో ఒకమ్మాయి అద్దెకు దిగింది. గోదావరి జిల్లాల అమ్మాయి. ఉద్యోగం మీద వచ్చింది. బతుకమ్మ గురించి టీవీలో చూడడమే తప్ప ఎన్నడూ ఎరగదు. ఆ సాయంత్రం వచ్చింది. గుడి గోడకు ఆనుకుని నిలబడింది. అందరూ లోపల ఆడుతుంటే ఆమె ఒక్కతే బయట. నేను పిలిచాను. "వద్దక్కా, నాకు పాటలు రావు, మీ అందరి మధ్య తప్పు అడుగు వేస్తే బాగుండదు" అంది.

మా పెద్దమ్మ చుట్టులో ఉంది. డెబ్బై దాటిన మనిషి. మా వీధికి పాట చెప్పేది ఆవిడే. పాట ఆపకుండానే, ఆడుకుంటూ ఆడుకుంటూ గోడ దగ్గరికి వచ్చినప్పుడు చేయి చాపి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. లోపలికి లాక్కుంది. "గోడకు నిలవడనీకె బతుకమ్మ ఎందుకు బిడ్డా! పాట రాకపోతె మానె, ఉయ్యాలో అనుడు రాదా?" అంది.

ఉయ్యాలో అనడం ఎవరికి రాదు చెప్పండి?

శ్రోతలూ, కిటుకంతా ఇక్కడే ఉంది. బతుకమ్మ పాట ఒక్కరు పాడేది కాదు. ఒకరు చరణం అందుకుంటారు. మిగతా అందరూ చివరన ఒక్క మాట అంటారు. కొన్ని పాటలకు ఉయ్యాలో. కొన్నిటికి కోల్. కొన్నిటికి చందమామ. పాటలో కథ ఎంత పొడవైనా ఉండనీ, మీ వంతు ఆ ఒక్క మాటే. రెండు వరుసలు వినేసరికి మీకే పట్టుబడుతుంది. మొదటి పాట అయ్యేసరికి మీరు పాడుతూ ఉంటారు. పాట రాని మనిషికి చోటు ముందే అట్టిపెట్టి అల్లిన పాటలు అవి. మళ్ళీ చెబుతున్నాను, పాట రాకపోయినా పరవాలేదు. ఆ ఒక్క మాట అంటే చాలు.

అడుగు అంతకన్నా తేలిక. చుట్టూ తిరుగుతూ ఒక అడుగు ముందుకు, కొంచెం నడుము వంచి లోపలి వైపు ఒకసారి చప్పట్లు, లేచి మళ్ళీ ఒకసారి చప్పట్లు. మీ ముందున్న మనిషి కాళ్ళు చూడండి. ఆమె వంగితే మీరు వంగండి. ఆమె లేస్తే మీరు లేవండి. తప్పు పడితే నవ్వుతారు, మీరూ నవ్వండి. అంతే. పాట నడక పెరిగితే అడుగు పెరుగుతుంది. కాళ్ళు నొప్పి పుడితే పక్కకు జరిగి కూర్చోండి, మళ్ళీ రండి. చుట్టు విడిపోదు. మీరు వదిలిన చోటు పూడిపోతుంది, మీరు వస్తే మళ్ళీ తెరుచుకుంటుంది.

ఆ చేతుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా ఊరి ఆడవాళ్ళ చేతులు ఏడాదంతా ఏం చేస్తాయో తెలుసా? ఆసు పోస్తాయి. చీర పేకకు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు తిరగాలి. భుజాలు పడిపోయేవి. మా పక్క ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం వాళ్ళమ్మ ఆ నొప్పి పడుతుంటే చూడలేక, ఏళ్ళ తరబడి శ్రమించి ఆసు పోసే యంత్రం చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం రాకముందు మా అమ్మ తరం వాళ్ళు భుజానికి ఆముదం రాసుకుని పడుకునేవాళ్ళు. అదే భుజాలతో సద్దుల నాడు అర్ధరాత్రి దాకా చప్పట్లు కొట్టేవాళ్ళు. "నొప్పి లేదా అమ్మా?" అని అడిగితే, "ఇది పని కాదు గదా" అనేది అమ్మ.

ఈమధ్య చాలాచోట్ల డీజే పెట్టెలు వచ్చాయి. పెద్ద శబ్దం. పిల్లలకు ఉత్సాహమే, వాళ్ళను నేను తప్పుపట్టను. కానీ నా మనసులో మాట చెబుతాను. డీజే పాట మీ జవాబు కోసం ఆగదు. మీరు ఉయ్యాలో అన్నా, అనకపోయినా అది పోతూనే ఉంటుంది. పాట చెప్పే పెద్దమ్మ అలా కాదు. మీ గొంతు వినబడేదాకా తర్వాతి చరణం ఎత్తదు. ట్రినిడాడ్‌లో కూడా ఈ బాధ ఉందట. నూనె పీపాలను సుత్తితో కొట్టి సరిగమలు పలికించే వాద్యం వాళ్ళ సొంత సృష్టి. ఇప్పుడు వీధిలో పెద్ద పెద్ద స్పీకర్ల లారీల వెనక అది వెనకబడిపోతోందని అక్కడి పెద్దలు దిగులుపడతారు. అందుకని కొత్తగా వచ్చేవాళ్ళకు నా సలహా. రెండు చుట్లు కనబడితే, డీజే లేని చుట్టులోకి వెళ్ళండి. అక్కడ మీ అవసరం ఉంది.

ఇంకో మాట. చెప్పడానికి కష్టంగానే ఉంటుంది, అయినా చెప్పాలి. పాత రోజుల్లో ఏ వాడ బతుకమ్మ ఆ వాడదే. ఒక కులం చుట్టులోకి ఇంకో కులం ఆడబిడ్డ రాకపోయేది. ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో ఆ గీతలు పూర్తిగా చెరగలేదు. మా ఊరి పేరు ముందు భూదాన్ అని ఉంటుంది. ఎందుకో గుర్తుచేసుకోండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే మా ఊరికి వచ్చారు. ఊరి దళితులు ఆయన ముందు నిలబడి, బతకడానికి 80 ఎకరాల భూమి కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. దేశమంతా నడిచిన భూదానోద్యమం అక్కడ మొదలైంది. భూమిలో చోటు అడిగిన ఊరు ఇది. పూల చుట్టులో చోటు ఇవ్వకపోతే ఎట్లా? కొత్తవాళ్ళు వచ్చినప్పుడు ఒక మేలు జరుగుతుంది. ఆ గీతలు వాళ్ళకు తెలియవు. ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ దూరతారు. దూరండి. అన్ని వాడల వాళ్ళూ చెరువు గట్టున కలిసేచోటికి వెళ్ళండి.

మగవాళ్ళు ఏం చేయాలని అడిగే తమ్ముళ్ళు కూడా ఉన్నారు. పొద్దున తంగేడు కోయండి. బరువైన బతుకమ్మను గట్టు దాకా మోయండి. ఎత్తుగా పేర్చినవి ఇద్దరు పట్టుకుంటే గాని కదలవు. గట్టున దీపాలు పెట్టండి. నీళ్ళలోకి దిగి సాగనంపే పనిలో తోడుండండి. పని బోలెడుంది.

బాగా చీకటి పడ్డాక చెరువుకు కదులుతాం. ఈ కాలానికి చెరువు నిండుగా ఉంటుంది. ఎన్నో బతుకమ్మలు తలల మీద వరుసగా పోతుంటే, అగరొత్తుల నిప్పులు చీకట్లో కదులుతుంటే, నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. గట్టున మళ్ళీ కాసేపు ఆట. ఆ తర్వాత సాగనంపడం. ఇక్కడ కొత్తవాళ్ళు జాగ్రత్త. మెట్లు పాకుడు పట్టి ఉంటాయి. పిల్లల చేయి వదలకండి. మీకు ఈత రాకపోతే నీళ్ళలోకి దిగకండి, దిగేవాళ్ళ చేతికి ఇవ్వండి. నీళ్ళలో వదిలేది పూలు, ఆకులు మాత్రమే. ప్లాస్టిక్ పూలు, థర్మాకోల్, మెరుపు కాగితాలు ఉంటే ముందే తీసేయండి. ఆ చెరువు నీళ్ళే మళ్ళీ పొలాలకు పారాలి.

గౌరమ్మ పసుపును కొంచెం తీసి ఒకరికొకరు పూసుకుంటారు. ముత్తయిదువలు పుస్తెలకు అద్దుకుంటారు. ఇక సద్దులు విప్పుతారు. చింతపండు పులిహోర, పెరుగన్నం, కొబ్బరన్నం, నువ్వుల సద్ది. రొట్టెను నలిపి బెల్లం కలిపి ముద్దలు చేసిన మలీద. నువ్వులు, పల్లీలు దంచిన సత్తుపిండి. ఒకరి కొంగులోంచి ఇంకొకరి కొంగులోకి వాయినం మారుతుంది. మీ ముందు ఎవరైనా చేయి చాపితే వద్దనకండి. కడుపు నిండినా ఒక ముద్ద తీసుకోండి. మీ దగ్గర కూడా ఏదో ఒకటి ఉండాలి ఇవ్వడానికి. రెండు అరటిపళ్ళయినా సరే, ఇంటి నుంచి తెచ్చుకోండి.

ఆ గోదావరి అమ్మాయి ఏమీ తెచ్చుకోలేదు. ఆడి ఆడి జుట్టంతా రేగిపోయింది, చెంపల మీద పసుపు. మా పెద్దమ్మ తన మూటలో సగం మలీద తీసి ఆ పిల్ల కొంగులో పోసింది. "నువ్వు ఇంకొకరికి పంచు" అంది. ఆ పిల్ల గట్టు వెంట నడుస్తూ, పేర్లు కూడా తెలియనివాళ్ళందరికీ ముద్ద ముద్ద పంచింది. చివరికి తనకు మిగిలింది ఒక్క ముద్ద. నా పక్కన కూర్చుని తింది.

ఖాళీ తాంబాళాలు నీళ్ళలో కడిగి, చంకన పెట్టుకుని అందరం ఇంటిదారి పట్టాం. దారిలో ఎవరూ పాడడం లేదు, అందరి గొంతులూ బొంగురుపోయాయి. మా ఇంటి మలుపు దగ్గర ఆ అమ్మాయి ఆగింది.

"అక్కా, వచ్చే ఏడు నేనూ ఒకటి పేరుస్తాను. తంగేడు ఏ గట్టు మీద దొరుకుతుంది?"